మార్జిన్‌లో ఆవు

ధర్మలింగం గారికి ఖాళీ కాగితం పడదు. కొందరికి వంకాయ పడనట్టు, కొందరికి దుమ్ము పడనట్టు, తెల్లగా, శుభ్రంగా, ఏమీ అచ్చుకాని జాగా కంటపడితే ఆయనకి ఒళ్ళు మండుతుంది. అలాంటి మనిషి ఒడిశాలోని బరంపురంలో జిరాక్స్ షాపు పెట్టుకుని, రీముల కొద్దీ తెల్లకాగితాల మధ్య కూర్చున్నారు. ఉల్లిపాయ వాసన గిట్టనివాడు పకోడీల బండి పెట్టుకున్నట్టు.

గిరి రోడ్డు నుంచి లోపలికి చీలిన సందులో ఉంటుంది ఆ షాపు. బోర్డు రాసిన పెయింటరు అక్షరానికీ అక్షరానికీ మధ్య కాస్త ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ధర్మలింగం గారికి ఆడలేదు. మళ్ళీ నిచ్చెన వేయించి, తెలుగు అక్షరాల సందుల్లో ఒడియా, ఒడియా అక్షరాల సందుల్లో ఇంగ్లీషు ఇరికించారు. ఇప్పుడా బోర్డు మూడు భాషలూ వచ్చినవాళ్ళు కూడా చదవలేరు. అయినా ఊళ్ళో ఎవరిని అడిగినా దారి చెబుతారు. చదవడానికి వీల్లేని బోర్డున్న షాపు అదొక్కటే మరి.

ఆయనది తరాల నుంచి బరంపురంలో వ్యాపారం చేసుకుంటున్న కుటుంబం. అన్నదమ్ములు పప్పులూ మసాలా దినుసులూ టోకున అమ్ముతారు. "మా ఇంట్లో గిరాకీని పిలిచినోళ్ళున్నారు, బతిమాలినోళ్ళున్నారు, ఎంటపడి లాక్కొచ్చినోళ్ళూ ఉన్నారు. కొట్లోకొచ్చిన గిరాకీకి 'ఇంతెందుకమ్మా, సగం సాలు' అని సెప్పినోడు మాత్రం మావాడొక్కడే" అని పెద్దన్నగారు పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పుకుని బాధపడుతూ ఉంటారు.

సాయిపద్మకి ఈయన సంగతి బరంపురం రాకముందే తెలుసు. దిగపహండిలో వాళ్ళ ఇంటి గుమ్మం పక్కన మేకుకి ఒక శుభలేఖ వేలాడుతూ ఉంటుంది. అది ధర్మలింగం గారి అమ్మాయి పెళ్ళిది. ఆ పెళ్ళికి సాయిపద్మ ఇంట్లోవాళ్ళు వెళ్ళలేదు, అసలు వాళ్ళకి పిలుపే లేదు. ఎవరి ఇంటి నుంచో ఎవరి చేతుల మీదుగానో వచ్చింది. శుభలేఖ వెనకవైపు ఖాళీగా ఉండటం చూడలేక ఆయన అక్కడ బరంపురం నుంచి దిగపహండికీ, ఛత్రపురానికీ, ఇచ్ఛాపురానికీ వెళ్ళే బస్సుల టైములన్నీ అచ్చువేయించారు. పెళ్ళయిపోయింది, పెళ్ళికూతురికి పిల్లలు పుట్టారు, శుభలేఖ మాత్రం జిల్లాలో సగం ఇళ్ళ గుమ్మాల పక్కన ఇంకా వేలాడుతోంది. "ఓసి, లేటవుతంది, పెళ్ళికార్డు సూడు" అని వాళ్ళమ్మ రోజూ పొద్దున్న కేకేస్తుంది. ఆ కేక విని చెప్పులేసుకుని బస్సెక్కి, సాయిపద్మ బరంపురంలోని ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు ఎం.ఏ. చదవడానికి వస్తుంది.

సాయిపద్మ మాట్లాడదు. అంటే మూగది కాదు, మాటలు నోటిదాకా వచ్చి అక్కడ క్యూలో నిలబడి, వాటి వంతు వచ్చేసరికి క్లాసు అయిపోతుంది. అందుకని చెప్పాలనుకున్నదంతా పుస్తకం పక్కన రాసుకుంటుంది. మొదటి సెమిస్టరులో పాత కావ్యం ఒకటి, దానికి గౌరీశంకర్ మాస్టారు స్వయంగా రాసి ఇచ్చిన వ్యాఖ్యానం, రెండూ కలిపి ఇంకెక్కడో ఒక షాపులో ప్రింటు తీయించింది. ఒకవైపే అచ్చు, నాలుగు పక్కలా చెయ్యి పట్టేంత మార్జిను. ఆ బిల్లు దెబ్బకి కొత్త చెప్పుల మాట మరచిపోయింది కానీ, ఆ మార్జిన్లు చూసి మురిసిపోయింది. సెమిస్టరు పూర్తయ్యేసరికి ఒక్క మూల వదలకుండా నింపేసింది.

రెండో సెమిస్టరుకి అంత ఖర్చు పెట్టలేక, నలుగురూ చెప్పగా విని, పెన్‌డ్రైవు పట్టుకుని ధర్మలింగం గారి షాపు మెట్లెక్కింది.

"ఏటమ్మా?"

"ప్రింటు తియ్యాలి బాబాయ్."

"ఎంత?"

"మొత్తం."

షాపు తగలబెట్టమని అడిగినట్టు చూశారాయన. "మొత్తం సదువుతావా?"

"సదువుతాను."

"ముందుమాట?"

సాయిపద్మ తల దించుకుంది. నిజానికి ఆమె ముందుమాటలే ముందు చదువుతుంది. కృతజ్ఞతలు కూడా వదలదు. కానీ ఆ సంగతి ఈ మనిషి ముందు ఒప్పుకోవడం మంచిది కాదని తోచింది. ఆయన ముందుమాట తీసేశారు. అట్ట తీసేశారు, లోపలి అట్ట తీసేశారు. తర్వాత ఒక పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

తెర మీద మొత్తం తెల్లటి పేజీ. నడిమధ్యన ఒకే ఒక్క వాక్యం: 'ఈ పుట కావాలనే ఖాళీగా వదలబడినది.'

ధర్మలింగం గారు లేచి నిలబడ్డారు. "దుర్గా! ఓ దుర్గా! బేగి రా!"

షాపు వెనకే ఇల్లు. ఏం ప్రమాదం జరిగిందోనని ఆయన భార్య లక్ష్మీదుర్గ పప్పుగరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఇది సూడు! కాళీగా ఒగ్గేసినామని సెప్పడానికి అచ్చేసినారు! ఒగ్గెయ్యాలంటే నోరు మూసుకొని ఒగ్గెయ్యాల. రాయాలంటే నిండా రాయాల. ఇదేటిది? మౌనవ్రతం పట్టినోడు ఈదిలోకొచ్చి 'నాను మాటాడ్డం నేదర్రా' అని అరిసినట్టు!"

"దీనికా పిలిచినారు? అక్కడ పప్పు మాడిపోతంది" అని ఆవిడ గరిటెని ఆయన వైపు ఒకసారి ఆడించి వెళ్ళిపోయింది.

ఆయన చేత్తో మార్జిన్లు చూపించారు. "పైన వసారా. కింద పెరడు. పక్కన ఇంత జాగా. ఇది పుస్తకమేటమ్మా, ఇల్లా? ఇక్కడేటి, ఆవుని కడతావా?"

ఈ ఆవు మాట ఆయన నోట్లోంచి రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో లెక్కలేదు. నర్సింగు చదివే పిల్లలకీ, బ్యాంకు పరీక్షలకి తయారయ్యే కుర్రాళ్ళకీ, ఒకసారి భూమి పట్టా నకలు తీయించుకోవడానికి వచ్చిన తాసిల్దారు ఆఫీసు గుమాస్తాకీ అందరికీ అదే ప్రశ్న: "ఆవుని కడతావా?" ఆ గుమాస్తాకి ఇంట్లో నిజంగానే ఆవుండటం వల్ల అరగంట సేపు వేరే సంభాషణ నడిచింది.

కానీ చేతిలో కట్ట పెట్టాక ఎవరికీ కోపం నిలవదు. స్కాను చేసిన పేజీల నల్లటి అంచులు ముందు కోసేస్తారు. "ఈ నలుపుకి కూడా ఇంకు పోయాల. ఒగ్గేస్తే నువ్వు పుస్తకం కాదు, బొగ్గు కొంటన్నట్టు." మార్జిన్లు కోయగా మిగిలిన అచ్చుని పెద్దది చేసి, కాగితానికి రెండేసి పేజీలు, రెండు వైపులా. స్ప్రింగు బైండింగు అడిగితే "స్ప్రింగు సదువుతాదేటి?" అని, గోనెసంచులు కుట్టే సూదితో మూడు కుట్లు వేసి ఇస్తారు. గోనెసంచంత కట్టతో వస్తామనుకున్నవాళ్ళు చేతిసంచీలో పట్టే పుస్తకంతో వెళతారు.

షాపు మూలన ఇంకో పెద్ద మిషను ఉంది. దాన్ని మామూలుగా ముట్టుకోరు. "దానికి ముందు మాస్టర్ కాపీ ఒకటి సెయ్యాల. ఒక్కరికోసం సేస్తే నట్టం. వందమందికి సేస్తే సెనక్కాయల పొట్లం కన్నా సవక. అందుకే సెప్తాను, ఒక్కొక్కరూ రాకండే, కలిసి రండే!" అని ఆయన ఆడపిల్లల మీద అరుస్తారు. వాళ్ళు కలిసే వస్తారు, కానీ తెలుగు ఎం.ఏ.లో ఉన్నదే ఒక బెంచీకి సరిపడా అమ్మాయిలు.

సాయిపద్మకి ఆ చిన్న పుస్తకంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. రాయడానికి జాగా లేదు. మాస్టారు చెప్పేదానికి లోపల్నుంచి జవాబులు పొంగుకొస్తున్నాయి, పోసుకోవడానికి గిన్నె లేదు. వరుసల మధ్య చీమల్లా రాసింది. తర్వాత అక్షరాల మీదే ఏటవాలుగా రాసింది. ఆఖరికి ఏది పద్యమో, ఏది తన మాటో తనకే తెలియకుండా పోయింది. ఒకరోజు ధైర్యం చేసి అడిగింది.

"బాబాయ్, ఈసారి పక్కన కాస్త జాగా ఒగ్గరా?"

"ఏటికి?"

"ఊరికే."

"ఊరికేనా! ఊరికే ఆవుని కూడా కట్టరే గుంటా!"

మాటలన్నీ మళ్ళీ క్యూలో నిలబడ్డాయి.

ఇలా ఉండగా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడింది. ఇకనుంచి ప్రతి సబ్జెక్టుకీ కాలేజీవారే అచ్చువేయించిన సంపుటమే వాడాలి. అది గేటు లోపలున్న కౌంటరులోనే కొనాలి. ఎవరి దగ్గర ఆ సంపుటం ఉండదో వాళ్ళ ఇంటర్నల్ మార్కులు పైకి పంపరు. అవి వెళ్ళకపోతే పరీక్ష లేదు.

సంపుటం చూడ్డానికి చాలా బాగుంది. నున్నటి కాగితం, రంగుల అట్ట, ఇటుకంత బరువు, ఇటుకల బండంత ధర.

"నాను మానేస్తానే" అంది దివ్యశ్రీ.

దివ్యశ్రీ సాయిపద్మ పక్కన కూర్చునే అమ్మాయి. రామయ్యపట్నం నుంచి వస్తుంది. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళతాడు. అది వేట నిషేధం నడిచే కాలం, పడవలన్నీ ఇసుక మీద బోర్లాపడి ఉన్నాయి. "నాన్న వలలు బాగుసేసుకుంటా కూకున్నాడు. ఇప్పుడు ఆ ఇటుక కొనమని నానెలా అడుగుతాను? వచ్చే ఏడాది సూద్దాం" అని నవ్వబోయింది. వచ్చే ఏడాది అన్నవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదని వాళ్ళిద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం అమ్మాయిలంతా ధర్మలింగం గారి షాపుకి వెళ్ళి చెప్పారు. ఆయన సంపుటం తెప్పించుకుని, చేత్తో బరువు చూసి, పేజీలు తిప్పారు. ఆయన ముఖం మెల్లగా ఎర్రబడింది.

"ఒక పక్కే అచ్చు" అన్నారు. "దుర్గా..."

"నాను రాను! పొయ్యి మీద కూరుంది!" అని లోపల్నుంచి జవాబొచ్చింది.

"అయితే ఇప్పుడేటి సేస్తారే మీరు? కొంటారా?"

దివ్యశ్రీ సంపుటాన్ని మెల్లగా ఆయన వైపే తోసేసింది.

"కొనకండి. పోట్లాడండి. ఆ నోటీసులో పుస్తకం ఉండాలన్నారు సరే. ఇంత కాళీ ఉండాలని ఎక్కడన్నారు? పద్యాలు పాతయి, ఎవడి సొమ్మూ కాదు. వ్యాఖ్యానం మీ మాస్టారిది, ఆయనే పంచినారు. నాను పెద్ద మిషను మీదేస్తాను. సంపుటం నకలు తీస్తే తగువొస్తాది, మాస్టర్‌కి వేరే మంచి కాపీ కావాల. ఎవరి దగ్గరుంది?"

చిక్కు అక్కడే వచ్చింది. లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క కావ్యప్రతిని ఆఫీసువాళ్ళు సంపుటం కోసం తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. ధర్మలింగం గారు చేసిన పుస్తకాల్లో రెండో సెమిస్టరు పాఠమే ఉంది. పరీక్షకి రెండు సెమిస్టర్లూ కావాలి. మొదటి సెమిస్టరు ఫైలు ఎవరి దగ్గరా మిగల్లేదు, ప్రింటు చెక్కుచెదరకుండా, పూర్తిగా ఉన్నది సాయిపద్మ దగ్గరొక్కటే. ఆ లావు మార్జిన్లదే.

మర్నాడు ఆమె దాన్ని పాత చీరముక్కలో చుట్టి తెచ్చి, ఎవరూ లేకుండా చూసి కౌంటరు మీద పెట్టింది.

"బాబాయ్, పక్కన నాను రాసుకున్నవి ఉన్నాయి. సిరాతో రాసేసినాను. అవన్నీ తుడిచెయ్యాల. ఒక్కటి కూడా ఉండకూడదు."

"హఉ" అన్నారాయన ఒడియాలో. బరంపురంలో 'హఉ' అంటే 'సరే' అని అర్థం.

"ఎవరూ సదవకూడదు బాబాయ్."

"హఉ, హఉ."

మార్జిన్ కోయడానికే పుట్టిన మనిషి చేతిలో పెట్టింది కాబట్టి ఆమెకి భయం వేయలేదు.

రెండు రోజుల్లో పుస్తకాలు తయారయ్యాయి. మాస్టర్ కాపీ ఖర్చు పంచుకోవడానికి ఇంకా జనం కావాలని, తెలుగు ఎం.ఏ. ప్రైవేటుగా కట్టినవాళ్ళు వచ్చి కలవాలని ధర్మలింగం గారు షాపు ముందు కాగితం అంటించారు. ఆ కాగితం నాలుగంచుల దాకా అక్షరాలతో కిక్కిరిసిపోయి, దూరానికి నల్లగుడ్డ వేలాడదీసినట్టు కనిపించింది. అయినా వాళ్ళు వచ్చారు. ఎవరెవరో వచ్చి పట్టుకుపోయారని లక్ష్మీదుర్గ చెప్పింది.

అమ్మాయిల వంతు పుస్తకాలని ధర్మలింగం గారే స్కూటరు మీద పెట్టుకుని తిన్నగా కాలేజీకి తెచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. బయటివాళ్ళు లోపలికి రాకూడదన్నాడు. ధర్మలింగం గారు కట్టని గేటు కమ్మీల సందులోంచి సాయిపద్మకి అందించి, "ఎల్లు. నాను ఇక్కడే ఉంటాను" అన్నారు. ఆ తర్వాత వాచ్‌మన్‌తో కాలేజీ ప్రహరీగోడ గురించి వాదన మొదలైంది. అంత గోడ, సున్నం కొట్టి, ఒక్క అక్షరం లేకుండా ఖాళీగా ఎందుకుందని.

ప్రిన్సిపాల్ పూర్ణచంద్ర గారు చెడ్డమనిషి కాదు. నోటీసు పైనుంచి వస్తే కింద అంటించడం తప్ప తనేం చేయలేనని నమ్మేవారు. ఆయన బల్ల ముందు అమ్మాయిలు వరుసగా నిలబడ్డారు. పక్క కుర్చీలో గౌరీశంకర్ మాస్టారు కూర్చున్నారు.

"సంపుటం కొనమంటే కొనాలి. అందులో మీకు కష్టమేమిటి?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

దివ్యశ్రీ నేల చూపులు చూస్తోంది. ఆమె చెప్పదు. పడవలు ఇసుక మీద ఉన్నాయని ప్రిన్సిపాల్ గదిలో ఎవరు చెప్పుకుంటారు?

"ఎవరూ మాట్లాడరే? కష్టం లేనట్టేనా?" ఆయన సంపుటం తీసి తెరిచారు. "చూడండి, ఎంత చక్కగా ఉందో."

మొదటి పేజీలో చైర్మన్ గారి ఫోటో. రెండో పేజీలో చైర్మన్ గారి సందేశం. మూడో పేజీ తెల్లగా ఉంది. నడుమ ఒకటే వాక్యం: 'ఈ పుట కావాలనే ఖాళీగా వదలబడినది.'

సాయిపద్మకి ఏమైందో ఆమెకే తెలీదు. క్యూలో ఇన్నాళ్ళూ నిలబడ్డ మాటలన్నిటినీ తోసుకుంటూ వెనకనుంచి ఒక ఆవు ముందుకొచ్చింది.

"ఇంత జాగా ఏటికండీ? ఆవుని కట్టడానికా?"

గౌరీశంకర్ మాస్టారికి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలిసిపోయింది.

"ఏమన్నావ్?"

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. ఆవు బయటికొచ్చేసింది. "పైన వసారా, కింద పెరడు, పక్కన పశువులశాలండీ. మేము సదివేది నడిమద్దెనున్న గదొక్కటే. ఆ గది మా దగ్గరుంది. మిగిలిన ఇల్లు మాకొద్దు. కొనమండీ. ఒక్కరం కూడా కొనం. అందరం పరీక్ష రాస్తాం. దివ్యశ్రీ కూడా రాస్తాది."

ఇంత పొడుగు మాట ఆమె నోట అమ్మాయిలెవరూ వినలేదు. దివ్యశ్రీ తలెత్తి, ఈ గొంతు ఎవరిదా అన్నట్టు గదంతా చూసింది.

ప్రిన్సిపాల్ గారు కోపంగా చెయ్యి చాచారు. "ఏది, మీ దగ్గరున్నది చూపించు. అసలు చదవడానికి వీలుగా ఉందో లేదో చూస్తాను."

సాయిపద్మ కట్టలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చింది. ఆయన మధ్యకి తెరిచి కళ్ళు చిట్లించారు. "ఈ పక్కన చేతిరాత ఏమిటి?"

సాయిపద్మ పుస్తకం వెనక్కి లాక్కోబోయింది.

ఆయన పైకే చదివారు. "'చెలికత్తెలు అందరూ ఈవిడకి గంధం పూసేవాళ్ళే. పొద్దుటి నుంచి ఒక్కరైనా అన్నం పెట్టారా?'" ఆగి, పద్యం చూసి, మళ్ళీ రాత చూశారు. ఆయన మీసం కొస కదిలింది. పేజీ తిప్పారు. "'మాస్టారు ఇక్కడ శిఖి అంటే నెమలి అన్నారు. తర్వాతి పాదంలో పొగ ఉంది. నెమలికి పొగ ఎక్కడిది? ఇది నిప్పు. చెబుదామనుకున్నాను. చెప్పలేదు.'"

"ఇలా ఇవ్వండి" అన్నారు గౌరీశంకర్ మాస్టారు.

ఆయన కళ్ళజోడు పైకి తోసి, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని పద్యం లోలోపల చదువుకున్నారు. సాయిపద్మ కిటికీ ఎంత ఎత్తులో ఉందో, అందులోంచి దూకితే ఎక్కడ పడతానో చూసుకుంటోంది.

"నెమలికి పొగ ఎక్కడిది" అన్నారు మాస్టారు. మళ్ళీ అన్నారు. మూడోసారి అంటూ నవ్వేశారు. "ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకి పొగలు కక్కే నెమలిని చూపించానో! ఎవరమ్మా రాసింది? నువ్వేనా? నోరు తెరిచి చెప్పొచ్చు కదా."

తర్వాత ఆయన ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు. "ఇంటర్నల్ మార్కుల మీద సంతకం నాది సార్. పాఠం ఎవరి దగ్గర ఉందో వాళ్ళకి పెడతాను. వీళ్ళందరి దగ్గరా పాఠం ఉంది. పైగా దిద్దిన పాఠం. ఆ సంపుటంలో నా నెమలే ఉంది."

ప్రిన్సిపాల్ గారు సంపుటం వైపు చూశారు, పుస్తకం వైపు చూశారు, కిటికీలోంచి బయటికి చూశారు. గేటు దగ్గర ఒక పెద్దమనిషి ప్రహరీగోడని వేలితో కొలిచి వాచ్‌మన్‌కి ఏదో వివరిస్తున్నాడు. "నోటీసులో 'తప్పనిసరి' అన్న మాట తీయిస్తాను. వెళ్ళండి" అన్నారు.

అమ్మాయిలు వరండాలో గోలగోలగా కేకలేశారు. సాయిపద్మ ఆగలేదు. గేటు దాకా ఒక్క ఉరుకు ఉరికింది.

"తుడిచెయ్యమన్నాను కదా బాబాయ్! హఉ అన్నారు కదా!"

"హఉ అన్నాను. తుడుస్తానన్నానేటి?"

"మీకు మార్జినే పడదు కదా! అందరివీ కోసేస్తారు, నాదే కొయ్యలేదేం? ప్రిన్సిపాల్ సార్ పైకి సదివేసినారు! మాస్టారి తప్పు మాస్టారి ముందే! నానెలా క్లాసులో కూకోవాల? కావాలనే సేసినారు మీరు!"

ఆమె అరుస్తుంటే వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు. ధర్మలింగం గారు మాత్రం, పిల్ల మొదటిసారి నడిచినప్పుడు చూసినట్టు, సంబరంగా చూస్తున్నారు.

"నాకు కాళీ మార్జినంటే పడదే గుంటా. నీదెక్కడ కాళీగా ఉంది? ఆవుని కాదు, దూడని కట్టడానికైనా జాగా ఉంచినావా? కోద్దామనే కూకున్నాను. నెమలి పొగ కాడ నవ్వొచ్చింది. దుర్గని పిలిచి సదివి ఇనిపించినాను. అన్నం పెట్టనేదన్న కాడ అదీ నవ్వింది. ఆ రోజు పప్పు మాడిపోయింది తెలుసా?"

"అయితే?"

"అయితే ఏటి. నా కాయితం సూసి వచ్చిన ప్రైవేటోళ్ళున్నారు కదా. ఒకావిడ రంభ ఊళ్ళో మిషను కుట్టుకుంటాది. ఒకావిడ ఛత్రపురంలో పిల్లల్ని బడికి పంపేసి సదువుకుంటాది. ఆళ్ళకి క్లాసు నేదు, మాస్టారు నేదు. పక్కన కూకొని 'ఓసి, ఇది సూడవే' అని గోకే నీలాటి గుంట నేదు. ఉట్టి పద్యాలిచ్చేస్తే ఏటి సేసుకుంటారు? నీ మార్జినుంటే పక్క బెంచీ ఉన్నట్టు. అది కోసెయ్యమంటావా?"

ఈసారి మాటలు క్యూలో కూడా లేవు.

"పేరెయ్యనేదులే నీది" అన్నారాయన, కాస్త తగ్గి. "ఎవరు రాసినారని అడిగితే, ఒక పిల్ల, మాటాడదు, అని సెప్పినాను. ఇప్పుడు అదీ అబద్దమైపోయింది."

పరీక్షలు జరిగాయి. దివ్యశ్రీ రాసింది. శిఖి గురించి ప్రశ్న రాలేదు కానీ, వచ్చివుంటే బాగుండేదని అందరూ అనుకున్నారు. ఒకరోజు దిగపహండి బస్సులో ముందు సీట్లో ఒకావిడ టిఫిన్‌ డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూడు కుట్ల పుస్తకం చదువుతూ, పుస్తకాన్ని అడ్డంగా తిప్పి, మార్జిను చూసి, తనలో తను నవ్వుకుంది. సాయిపద్మ కిటికీ వైపు తిరిగి, చీకటి పడే దాకా చెవులు ఎర్రగా ఉంచుకుని కూర్చుంది.

కొత్త సెమిస్టరు మొదలయ్యాక ఆమె మళ్ళీ పెన్‌డ్రైవు ఇచ్చి వెళ్ళి, మర్నాడు వచ్చింది. కౌంటరు మీద ఉన్న కట్ట మామూలుకన్నా లావుగా ఉంది.

"ఇది ఎవరిదో బాబాయ్."

"నీదే."

విప్పి చూసింది. కాగితానికి ఒకే పేజీ, ఒకవైపే అచ్చు. పైన వసారా, కింద పెరడు, రెండు పక్కలా ఊరి ఆవులన్నీ పట్టేంత జాగా. ముందుమాట ఉంది. కృతజ్ఞతలు కూడా ఉన్నాయి.

"మిషను తప్పు సేసింది" అన్నారు ధర్మలింగం గారు గోడ వైపు చూస్తూ. "మల్లీ తీస్తే కాయితం దండగ. అలాగే పట్టుకుపో. నాకు మామూలుదిచ్చినట్టే ఇయ్యి."

"మిషను తప్పేటి!" లోపల్నుంచి గరిటె ముందు, లక్ష్మీదుర్గ వెనక వచ్చారు. "తెల్లజాగా సూడనేక కళ్ళకి తువ్వాలు కట్టుకొని తీసినారమ్మా. ఒకో కాయితం బయటికొస్తంటే పన్ను పీకినట్టు మూలిగినారు. 'అయిపోయిందేటి దుర్గా, అయిపోయిందేటి' అని నా పేణం తీసేసినారు."

"నువ్వెల్లు, పప్పు మాడిపోతంది" అన్నారాయన. తర్వాత సాయిపద్మ వైపు వేలు చూపించి, కట్ట వైపు చూడకుండా, "బేగి నింపి తీసుకురా. వచ్చే ఏడు ప్రైవేటోళ్ళకి మాస్టర్ దీన్నించే సెయ్యాల. ఒక్క మూల కాళీగా కనబడినా ఊరుకోను" అన్నారు.

"హఉ" అంది సాయిపద్మ.

బస్సు కదిలాక కట్ట ఒళ్ళో పెట్టుకుని పెన్ను తీసింది. మొదటి పేజీ అంచున, అందరికన్నా ముందు ఆయన కంటపడేచోట, చిన్న గుంజ పాతి, దానికొక ఆవుని కట్టింది.